హానా రీడ్ నడవడి

"మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది సార్, చేసిపెడుతుంది" అని మురళి తన ముదీర్‌కి, అంటే మేనేజరుకి, మాటిచ్చి వచ్చిన రోజు నేను అడుగంటిన పప్పుగిన్నె తోముతున్నాను. అదయ్యాక మా అమ్మాయి శ్రీజ స్కూలు బట్టలు ఇస్త్రీ చేయాలి, ఇడ్లీకి పిండి రుబ్బాలి, పొద్దున్నే ఐదున్నరకి అజ్మాన్ నుంచి దుబాయికి బయల్దేరే ఆయనకి రెండు డబ్బాలకి సరిపడా కూరలు తరుక్కోవాలి. ఇదంతా ఖాళీ లెక్కలోకే వస్తుంది. పన్నెండేళ్లుగా నేను ఖాళీగానే ఉంటున్నాను, నడుం మాత్రం ఎందుకిలా పీకుతుందో నాకూ అర్థం కాదు.

ఆయన చేతిలో ఓ అట్టపెట్టె, దాన్నిండా జిరాక్సు కాయితాలు. మురళి పనిచేసే కన్‌స్ట్రక్షన్ కంపెనీకి పెద్ద, గ్రెగ్ కోల్ అనే ఆస్ట్రేలియా ఆయన. వాళ్లమ్మకి వచ్చే మార్చిలో, అంటే రెండువేల ఏడు మార్చిలో, ఎనభై నిండుతాయట. ఆవిడ కోరిక ఒక్కటే. తమ వంశంలో మొట్టమొదట ఇంగ్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన హానా రీడ్ అనే మనిషి ఎవరు, ఎలా బతికింది అన్నది తెలుసుకోవాలట. గ్రెగ్ చెల్లెలు అక్కడి పాత దఫ్తరాల్లోంచి కాపీలు తీయించి పంపింది గానీ నూట డెబ్భై ఏళ్ల కిందటి ఆ చేతిరాత వాళ్లెవరికీ అంతుబట్టలేదు. నాకు అంతుబడుతుంది. హిస్టరీలో ఎం.ఏ. చేసి, తార్నాక ఆర్కైవ్స్‌లో రెండేళ్లు కూర్చుని కంపెనీ దొరల ఉత్తరాలు చదివినదాన్ని. ఎం.ఫిల్. థీసిస్ మూడు చాప్టర్లు రాశాను, నాలుగోది మొదలుపెట్టబోతుంటే పెళ్లి కుదిరింది. "దుబాయిలో ఆ కాయితాలు ఎవరికి కావాలమ్మాయ్?" అని మా అత్తగారు నవ్వారు. నిజమే పాపం, పన్నెండేళ్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

శ్రీజ బస్సెక్కాక, బట్టలు మెషీన్లో వేసి, ఒంటిగంటకి పిల్ల తిరిగొచ్చేలోపు చదివేదాన్ని. వంటింట్లో విజిల్ వస్తే లేచేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని. అలా ఆర్నెల్లు.

హానా బ్రిస్టల్ ఊళ్లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పనిపిల్ల. పంతొమ్మిదేళ్లు. యజమానురాలి శాలువా, రెండు వెండి చెంచాలు తీసిందని ఏడేళ్లు ద్వీపాంతరవాసం వేశారు. ఇప్పుడు టాస్మానియా అంటున్నదే, ఆ దీవికి. ఓడ దిగగానే గుమాస్తా ఎత్తు కొలిచి, కళ్ల రంగు, జుట్టు రంగు, కుడి మణికట్టు మీద కాలిన మచ్చ, అన్నీ రాసుకున్నాడు. వృత్తి అన్నచోట 'అన్ని పనులూ' అని రాశాడు. అక్కడ నాకు నవ్వాగలేదు. నా పాస్‌పోర్టులో వీసా కాయితం మీద 'హౌస్‌వైఫ్' అని ఉంటుంది, స్పాన్సర్ అన్నచోట మా ఆయన పేరుంటుంది. వీడెవడో అంతకంటే నయం, ఉన్నమాట రాశాడు. తర్వాత హానాని ఒక దొర ఇంటికి కేటాయించారు. జీతం లేదు, తిండీ బట్టా పడకా ఇస్తారు. ఊరు దాటాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి.

ఆ కాయితాల్లో నన్ను పట్టి కుదిపేసింది నడవడి రిజిస్టరు. ఒక్కో ఖైదీకి ఒక్కో పేజీ. హానా పేజీలో ఏడేళ్లకి కలిపి పదకొండు నమోదులున్నాయి. యజమానురాలికి ఎదురు చెప్పింది, మూడు రోజులు ఒంటరి గది, రొట్టె, నీళ్లు. చెప్పకుండా బయటికి వెళ్లింది, రెండు నెలలు ఆడవాళ్ల జైల్లో బట్టలుతికే తొట్టి దగ్గర పని. పని చేయనంది. మళ్లీ ఎదురు చెప్పింది. ఇంతే. మిగతా రెండున్నర వేల రోజులు ఈ మనిషి ఏం చేసినట్టు? తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించలేదా, నీళ్లు మోయలేదా, వాళ్ల పిల్లల ముడ్లు కడగలేదా? ఆ సంగతి రాయడానికి రిజిస్టర్లో గడే లేదు. మురళి నోట్లోనూ అలాంటి రిజిస్టరు ఒకటుంది. "సాంబార్లో ఉప్పెక్కువైంది." "అమ్మకి ఫోన్ చేయలేదుట." "గుండీ ఊడింది, చూసుకోవద్దూ?" బాగున్న రోజున మాత్రం నోరు మెదపడు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతానని కాబోలు.

జనవరిలో పెట్టె అడుగున ఒక అర్జీ దొరికింది. శిక్ష పడినప్పటి కోర్టు కాయితం మీద హానా రాయడం రాక ఇంటూ గుర్తు పెట్టింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, శిక్ష అయిపోయి, పెళ్లయి, మొగుడు పోయి, నలుగురు పిల్లలతో, సొంతంగా చాకిరేవు పెట్టుకోడానికి కాలవ పక్కన జాగా ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. దాని కింద సంతకం ఉంది. అక్షరాలు వంకరటింకర, ఎన్ అక్షరం రెండుసార్లు దిద్దింది. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకుందో ఏ రికార్డులోనూ లేదు. ఆ సంతకం చూసి చాలాసేపు ఏడ్చాను. ఆ రోజే అనుకున్నాను, హానా గురించి నేను రాసేదాని అట్ట మీద నా పేరుండాలి. మెప్పులు అక్కర్లేదు, బహుమానాలు అక్కర్లేదు, చదివింది నేనని ఒక్కచోట ఉంటే చాలు.

ఇరవై రెండు పేజీలు రాసి, మా బిల్డింగ్ కింద టైపింగ్ సెంటర్ నడిపే నెల్లూరు జానీ బాషా దగ్గరికి తీసుకెళ్లాను. వీసా ఫారాలు, అరబ్బీ అర్జీలు టైపు చేసే మనిషి, నా ఇంగ్లీషు చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏందక్కా, ఇదంతా మీరు రాసిందేనా?"

"నేనే."

"అబ్బో! అట్ట మీద బావ పేరు ఏసేదా?"

"బావ పేరెందుకయ్యా? నా పేరే వెయ్యి."

"అట్నే అక్కా. పెద్ద అచ్చరాలతో ఏస్తా ఉండు" అన్నాడు. అన్నట్టే వేశాడు. మెట్లెక్కుతూ అంతస్తుకోసారి ఆగి చూసుకున్నాను.

సాయంత్రం మురళి బూట్లైనా విప్పకుండా రెండు పేజీలు తిరగేశాడు. మొహం మాడిపోయింది.

"దొంగా? ఇది తీసుకెళ్లి సారు చేతిలో పెట్టమంటావా? నీకేమైనా మతి పోయిందా?"

"వాళ్లే కదండీ తెలుసుకోవాలని అడిగింది?"

"అడుగుతారు. మనకి బుద్ధుండొద్దూ? పుట్టినరోజు నాడు పెద్దావిడతో, మీ ముత్తవ్వ చెంచాలు దొంగతనం చేసి జైలుకెళ్లిందమ్మా అని చెప్తామా? పెళ్లిచూపుల్లో మీవాళ్లు మీ బాబాయి సస్పెండయిన సంగతి మాతో చెప్పారా? కుటుంబం పరువంటే ఎవరికైనా ఒకటే. ఎవరో ఫాదరీ కుటుంబంతో, పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్లిందని రాయి. ఇంకోటి, సారు పని అప్పజెప్పింది నాకు. అట్ట మీద నా పేరుండాలి. ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ మీదుంది. ఇది చించి పారేయ్. ఖలాస్."

ఆయన ఖలాస్ అన్నాక మా ఇంట్లో ఇక మాటుండదు. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, మార్చాను. వాదించే ఓపిక లేదు. ఆర్నెల్లు కూర్చి రాసింది మార్చడానికి రెండు పొద్దులు పట్టింది. దొంగని పంతులమ్మని చేశాను, పదకొండు నమోదులూ తీసేశాను, చాకిరేవు స్థానంలో బడి పెట్టాను. ఇంటూ గుర్తు కూడా తీసేయాల్సొచ్చింది, పంతులమ్మకి సంతకం రాకపోతే ఎలా? మొదటిది మాత్రం చించడానికి చేతులు రాలేదు. మా ఆయన ఈ జన్మలో చెయ్యి పెట్టని చోటొకటుంది, వంటింట్లో పప్పుడబ్బాల వెనక. అక్కడ పెట్టాను.

మార్చినదాని మీద తన పేరు వేయించి గ్రెగ్ చేతికిచ్చాడు మురళి. ఆ తర్వాతి శుక్రవారం ఆయన్ని భోజనానికి పిలిచాడు. ప్రమోషన్‌కి ముందు ఇదీ ఒక పద్ధతి, వండేది తను కాదుగా. పొద్దున్నుంచీ గుత్తొంకాయ, పులిహోర, కోడిపలావు. వచ్చినాయన గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు, మెచ్చుకుంటూ కడుపునిండా తిన్నాడు. తిన్నాక సంచీలోంచి ఫైలు తీశాడు.

"మురళీ, చిన్న చిక్కొచ్చింది. హానా వచ్చిన ఓడలో అందరూ ఆడ ఖైదీలేనని మా చెల్లి రాసింది. ఫాదరీ కుటుంబమేదీ లేదంటోంది. ఖైదీ అయ్యుంటుందని మా అమ్మకి ఎప్పట్నుంచో ఆశ. మా దగ్గర అది గొప్పగా చెప్పుకునే సంగతి. మరి ఈ పంతులమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

మురళి మొహంలో నెత్తురుచుక్క లేదు. తర్వాత నవ్వేశాడు.

"సారీ సార్. నిజం చెప్పాలంటే ఆ కాయితాలు చదివింది మా ఆవిడ. పాత చేతిరాత కదా, ఆవిడకి సరిగ్గా అర్థమైనట్టు లేదు. పొరపాటు పడింది."

పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా ఒళ్లు మండిపోయింది. ఆర్నెల్ల పని ఆయన పేరు మీద పోయింది, తప్పనేసరికి నా పేరు బయటికొచ్చింది. నేనున్నానని ఆయన ఎవరికైనా చెప్పడానికి నావల్ల ఏదో పాడవ్వాలి కాబోలు. నోరు మూసుకోవడం నాకు తెలియని విద్య కాదు. ఒక్క నవ్వు నవ్వి "సారీ" అంటే ఆయనకి ప్రమోషన్ వస్తుంది, శ్రీజకి మంచి స్కూలొస్తుంది, సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ చదవడం రాదన్నాడు. ఉప్పెక్కువైందని అను, పడతాను. నాకు చదవడం రాదని అనడానికి ఈయనెవరు?

గిన్నె బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. డబ్బాలు జరిపి, అట్ట మీద అంటిన పసుపు తుడిచి, తెచ్చి గ్రెగ్ ముందు పెట్టాను. ఇంగ్లీషులో పన్నెండేళ్ల తర్వాత మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే.

"నేను పొరపాటు పడలేదు సర్. అన్నీ సరిగ్గానే చదివాను. నేను రాసింది ఇది. మీ దగ్గరున్న అబద్ధమూ నేనే రాశాను, ఈయన రాయమంటే. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. చదవడంలో మాత్రం నాది తప్పు లేదు."

గ్రెగ్ అట్ట మీద నా పేరు కూడబలుక్కుని చదివాడు. అ-నం-త-ల-క్ష్మి. పేజీలు తిప్పుతూ, చివర నేను జతచేసిన అర్జీ కాపీ దగ్గర ఆగాడు. దిద్దిన ఎన్ మీద వేలు పెట్టి, "రాయడం నేర్చుకుంది" అన్నాడు, నాతో కాదు, తనలో తను. మురళి వైపు చూడలేదు. "ఇది అమ్మకి నేనే చదివి వినిపించాలి. మీ పేరు ఎలా పలకాలో ఇంకోసారి చెప్పండి" అన్నాడు. చెప్పాను. పాయసం తినకుండానే వెళ్లిపోయాడు.

మురళి తలుపేసి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"వచ్చే వారం రావాల్సిన లెటరు. ఇంక రాదు. ఆయన ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు. ఇప్పుడు నీ కళ్లు చల్లబడ్డాయా?"

మా ఇళ్లల్లో ఈ ప్రశ్న జవాబు కోసం అడగరు. నాన్న అడిగినప్పుడల్లా అమ్మ తలొంచుకుని ఎంగిలి కంచాలు తీసేది, కళ్లొత్తుకుంటూ క్షమించమనేది. నేనూ అంతే చేస్తానని మురళి నా వైపు చూస్తున్నాడు.

"చల్లబడ్డాయండీ" అన్నాను.