అట్టపెట్టె మీద బొట్టు

మా ల్యాబుకి పరీక్షకి వచ్చే మిఠాయి పెట్టెల్లో అందమైనవేవీ నాకు నచ్చవు. ఎంత మెరిస్తే అన్ని రసాయనాలు. ఆ లెక్కన బైఠక్‌ఖానా సందులో నేను అన్నగా పిలుచుకునే నిబారణ్ దా చేసే పెట్టెలంటే నాకు ప్రాణం. తెల్లటి కొత్త అట్ట, మూలన చిన్న హంస బొమ్మ, అంతే.

ఆ ఏడు బౌబజారులో పెద్ద మిఠాయి కొట్టువాళ్లు కొత్త బెల్లంతో చేసే సందేశ్ మిఠాయికి అతని పెట్టెలే తీసుకుంటామన్నారు, మా ల్యాబు బాగుందంటేనే. ఆ ఆర్డరు రాకపోతే అతని కార్ఖానా మూతపడుతుంది.

"మనవాడే కదా అని వదిలేయకండి దిదిమణీ," అన్నాడు పెట్టెలు బల్ల మీద పెట్టి.

"మా అత్తగారి వంటకే వంకలు పెట్టినదాన్ని, నిన్నొదుల్తానా?" అన్నాను.

ముక్కలు చేసి నానబెట్టి, ఆ నీళ్లు పరీక్షిస్తే సీసం బయటపడింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మిగిలిన పెట్టెల్ని భూతద్దంతో చూస్తే, ప్రతి మూత మీదా తుడిచేసిన ఎర్రటి మరక.

అడిగితే నిబారణ్ దా ముఖం పాలిపోయింది.

"మీ వదిన. గుమ్మం దాటే ప్రతిదాన్నీ లక్ష్మి ముందు పెట్టి సిందూరం బొట్టు పెడుతుంది. నేను తుడిచే తెచ్చానే."

"చవక సిందూరంలో సీసం ఉంటుందయ్యా. వదినకి చెప్పు, పాపిట్లో పెట్టుకునేదీ మార్చమను. వేరే పెట్టెలు తీసుకురా."

"నీ బొట్టు వల్లే పెట్టెలు తిరిగొచ్చాయంటే ఆ మనిషి అన్నం మానేస్తుంది. రంగు తేడా వచ్చిందని చెప్తాలెండి. మీరూ అనకండి."

సరేనన్నాను. ఆ సరే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

రెండోసారి పెట్టెల మీద మరకేమీ లేదు. సీసం మాత్రం మొదటిసారి కంటే ఎక్కువ వచ్చింది. కొట్టు యజమానికి నేనే ఫోన్ చేసి, అట్టలో దోషం లేదు, ఇంకోసారి చూద్దామని బతిమాలాను. ఆయన అప్పటికే ప్లాస్టిక్ పెట్టెలకి ఆర్డరిచ్చేశాడు.

పుష్య మాసంలో నిబారణ్ దా వాళ్లు అట్టలు కోసే మెషీను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్లాను. తరుబాల వదిన టీ ఇచ్చి నా పక్కనే కూర్చుంది. పాపిట నిండా అదే ఎరుపు.

"ఈయన రంగు తేడా అంటారు గానీ, నాకు తెలుసమ్మా," అంది గొంతు తగ్గించి. "మొదటిసారి బొట్టు తుడిచేసి పట్టుకెళ్లారు. ఆ తల్లికి కోపం రాదూ? అందుకే రెండోసారి ఈయన స్నానానికి వెళ్లినప్పుడు ఎవరికీ కనపడకుండా మడతల లోపల పెట్టాను. ఒక్కో పెట్టెకి నాలుగు మూలలా. అయినా తల్లి కరగలేదు."

గుమ్మంలోంచి నిబారణ్ దా నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపాడు. పాపిట్లో సిందూరం మార్చమని అయినా చెప్పాలనుకున్నాను. ఎందుకని అడిగితే? టీ చల్లారిపోయింది.

కూలీలు మెషీను ఎత్తారు. వదిన గబగబా లోపలికెళ్లి సిందూరం భరిణె తెచ్చి, గుమ్మం దాటబోతున్న మెషీను మీద ఇంత బొట్టు పెట్టింది.

నిబారణ్ దా భుజం మీద తువ్వాలు ఉంది. ఈసారి తుడవలేదు.