గాలి మిషను అడిగిన రోజు

తన వస్తువు తాను అడగడానికి మొహమాటమేమిటని అంబిక ఇరవై రెండు రోజులుగా అనుకుంటూనే ఉంది. అనుకోవడానికి ఖర్చు లేదు. బళ్ళారి శివార్లలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో దుర్గక్క పక్క సీటులో కూర్చుని జిప్పులు కుడుతుంది, అంబిక జేబులు కుడుతుంది. రోజుకు తొమ్మిది గంటలు భుజం భుజం తగులుతూనే ఉంటాయి. అడగాల్సిన మాట మాత్రం గొంతు దాకా వచ్చి, దారి తప్పినట్టు వెనక్కి పోతుంది.

ఆ వస్తువు అంబిక భర్త హులిగెప్పది. పాలడబ్బా అంత పెట్టె. మందు పోసి స్విచ్ వేస్తే పొగలాంటి ఆవిరి వస్తుంది. మాస్కు మూతికి పెట్టుకుని పీలిస్తే బిగుసుకున్న రొమ్ము కాస్త వదులవుతుంది. డాక్టర్ల నోట దానికి పెద్ద పేరే ఉంది గానీ, ఇంట్లో అందరికీ అది గాలి మిషను. తోరణగల్లు దారిలో ఒక క్రషర్‌లో పదకొండేళ్ళు రాతిదుమ్ము మింగినందుకు హులిగెప్పకు మిగిలింది ఒక ఆరోగ్య కార్డు, ఆ కార్డు మీద ఈ మిషను. కార్డుకు ఒకటే. పోగొట్టుకుంటే ఇంకోటి ఇవ్వరు.

దుర్గక్క మామ కెంచప్పకు అదీ లేదు. మట్టి అమ్ముకుంటే బంగారమన్న రోజుల్లో ఆయన ఎవరి పొలంలో పడితే వాళ్ళ పొలంలో పారతో ఇనుప ఖనిజం తవ్వాడు. ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. దుమ్ము మాత్రం పేరు అడక్కుండానే లోపలికి పోయింది. ఆయన ఆయాసం చూడలేక దుర్గక్క, "రెండు దినాలకు ఇయ్యి మే, మల్ల తెచ్చిస్తా" అంది. అప్పుడు హులిగెప్ప కాస్త తేటగా ఉన్నాడు. పైగా అంబికను షెడ్డులో పనికి పెట్టించింది దుర్గక్కే. కాదనడానికి నోరెట్లా వస్తుంది?

నాలుగో రోజు అంబిక మెల్లగా మొదలుపెట్టింది.

"అక్కా, మీ మామ ఎట్లుండాడు?"

"ఉండాడు మే. నీ మిషను పుణ్యాన ఉండాడు. నీ కడుపు చల్లగుండ."

అంత దీవెన అందుకున్నాక మిషను ఇవ్వమనడం, తింటున్నవాడి ముందు విస్తరి లాగడమే. అంబిక తల వంచుకుని ఇంకో జేబు కుట్టింది.

వారం తర్వాత ఇంకో దారి పట్టింది. "మా ఆయనకు మల్ల ఆయాసం ఎక్కువైండాదక్కా."

"అయ్యో! బేజారు పడొద్దు. తమలపాకులో మిరియాలు పెట్టి నమలనీ."

మర్నాడు దుర్గక్కే మిరియాలు దంచి పొట్లం కట్టి తెచ్చింది. అంబిక దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

మూడోసారి, "దాని లోపల ఫిల్టరని ఉంటాదక్కా. మార్చకుంటే చెడిపోతాది. ఒక్కసారి తెస్తే..." అంది.

"యాడుంటాదో చెప్పు. మా పాపి మారుస్తాది."

పాపి దుర్గక్క కూతురు, పదో తరగతి, తెలివైన పిల్ల. ఫిల్టరు ఎక్కడుంటుందో అంబిక విడమరచి చెప్పింది. అంతటితో ఊరుకుందా? మెడికల్ షాపులో కొత్త ఫిల్టరు కొని తెచ్చి ఇచ్చింది కూడా.

ఈలోగా హులిగెప్పను రెండుసార్లు తెల్లవారుజామున ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. రెండోసారి డాక్టరమ్మ కార్డు చూసి, "ఇంట్లో మిషను పెట్టుకుని ఇంతదాకా ఎందుకు తెచ్చుకున్నారు? ఈసారి ఇంత ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండదు" అంది. మొహమాటం అన్న జబ్బుకు ఆ కార్డులో గడి లేదు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. షెడ్డులోకి రాగానే మొదట దుర్గక్క సీటు చూడడం. దుర్గక్క ఉంటే ముసలాయన ఉన్నట్టు. లేకపోతే... ఆ తర్వాతి సగం ఆమె తనకు కూడా చెప్పుకునేది కాదు. "మీ మామ ఎట్లుండాడు?" అని మాత్రం రోజూ అడిగేది. షెడ్డులో ఆడవాళ్ళంతా, అంబికది ఎంత మంచి మనసు అనుకునేవాళ్ళు.

ఇరవై మూడో రోజు బుధవారం. సీటు ఖాళీగా ఉంది. సూపర్‌వైజరు యల్లేష్ వచ్చి, "దుర్గక్క మామ పోయినాడంట. నలుగురు పోయి రాండి, మిగతావాళ్ళు కుట్టండి" అన్నాడు. అంబికకు మొదట వచ్చింది దుఃఖం కాదు. సాయంత్రానికి మిషను ఇంటికి చేరుతుందన్న లెక్క. రెండోది సిగ్గు. అది వచ్చేసరికి ఆమె అప్పటికే ఆటో ఎక్కి ఉంది.

వాళ్ళలో పూడ్చడమే ఆనవాయితీ. సంగనకల్లు దారిలో, గుట్టకు ఇవతల గుంత తీశారు. కెంచప్పను దింపారు. పెద్దమనిషి రామప్ప ఒక్కొక్కటే అడిగి లోపల పెట్టిస్తున్నాడు. పొగాకు సంచి, చేతికర్ర, కొత్త పంచె.

"ఇంకేమన్నా ఆశ పెట్టుకున్న వస్తువు ఉండాదా అమ్మా? పెట్టకుంటే ఆశ ఇంట్లోనే తిరుగుతాది."

పాపి ఏడుస్తూ చేతిసంచి విప్పింది. వైరు పొందికగా చుట్టిన గాలి మిషను. "తాత దీన్ని ఇడిసిపెట్టేవాడే కాదు" అంది. రామప్ప దాన్ని అందుకుని ముసలాయన తలాపున పెట్టించాడు.

దుర్గక్క చూస్తూనే ఉంది. చూస్తున్నదేమిటో ఆమెకు తెలుస్తున్నట్టు లేదు. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ళు.

డప్పు మోగుతుంటే ఒక్కొక్కరే వెళ్ళి పిడికెడు మట్టి వేస్తున్నారు. అంబిక పిడికిట్లోనూ మట్టి ఉంది. ముందు ముగ్గురున్నారు. ఇద్దరు. ఒకరు. ఆ గుట్ట కింద పురావస్తు శాఖవాళ్ళు ఎన్ని వేల ఏళ్ళ నాటివో కుండలు, రాతి గొడ్డళ్ళు తవ్వి తీసుకుపోయారు, వాళ్ళనెవరూ తప్పు పట్టలేదు అని ఆమెకు ఎందుకో తోచింది. వాళ్ళు మాత్రం ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆమె వంతు వచ్చింది. ఇరవై రెండు రోజులు నోట్లో నానబెట్టిన మాట, ఒక్క అక్షరం కూడా మారకుండా, అంతే మర్యాదగా బయటికి వచ్చింది.

"అక్కా, మీ పని అయిపోయింటే ఆ మిషను కొంచెం ఇస్తావా?"

డప్పు ఆగిపోయింది.

దుర్గక్క తలెత్తింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది.

"దినామూ మా మామ ఎట్లుండాడని అడిగింది దీనికేనా మే?"

అబద్ధం చెప్పడానికి అంబికకు చోటుంది. పది మంది అందుకు సాయం కూడా వచ్చేవాళ్ళు. "దానికి కూడా అక్కా" అంది.

"గుంతలోకి దిగింది పైకి రాకూడదమ్మా. అరిష్టం" అన్నాడు రామప్ప.

"మా ఆయనకు ఊపిరాడకుండాది తాతా. ఇంకోటి ఇయ్యరు."

ఎవరూ కదల్లేదు. దుర్గక్కే చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని గుంతలోకి దిగింది. మామ తలకు తగలకుండా మిషను తీసి, పైటకొంగుతో మట్టి తుడిచింది. సందుల్లో చేరిన మట్టిని గోటితో కూడా తీసింది. ఇరవై రెండు రోజులు ఆమె దాన్ని అంతే జాగ్రత్తగా చూసుకుని ఉంటుంది.

"ఇంద. నీ వస్తువు నీకు ముట్టింది."

అంబిక ఎడమ చేత్తో అందుకుంది. కుడిచేతి పిడికిలి ఇంకా మూసే ఉంది. దుర్గక్క ఆ పిడికిలి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మట్టి పక్కకు దులిపేసింది.

"మా మామకు నీ మట్టి అక్కర్లేదు. పో."

అంబిక ఆటో దొరికేదాకా నడిచింది. ఆమె కంటే ముందు సెల్‌ఫోన్‌లో కబురు ఇల్లు చేరింది. హులిగెప్ప మంచం మీద మోకాళ్ళు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అయినా ఆమెను చూసి నవ్వబోయాడు.

"నాకంటే ముందు... నా మిషను పోయి... చూసొచ్చిందంటనే. ఎట్లుండాదంట... ఆడ?"

నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. అంబిక మాస్కును వేడినీళ్ళలో కడిగింది. పొగాకు వాసన పోలేదు. సబ్బు పెట్టి మళ్ళీ కడిగింది. మూడోసారికి వ్యవధి లేదు. మందు పోసి స్విచ్ వేసింది. మిషను ఒకసారి గర్‌మని ఊరుకుంది. అరచేత్తో చరిస్తే చిటికెడు ఎర్రమట్టి రాల్చి, మళ్ళీ మొదలైంది.

హులిగెప్ప రెండు చేతులా మాస్కు అదుముకున్నాడు. పీల్చాడు. ఇంకోసారి. పావుగంటకు పెదాల రంగు తిరిగి వచ్చింది. మాస్కు కాస్త ఎత్తి అడిగాడు.

"రేపు షెడ్డుకు పోతావా?"

"పోవాల."

"దుర్గక్క పక్కనేనా నీ సీటు?"

"పదకొండు దినాలు రాదులే. ఆ మీదట పక్కనే."

అతను ఏదో అనబోయాడు. మందు ఇంకా మిగిలే ఉంది. అంబిక అతని చెయ్యి తోసి మాస్కు మళ్ళీ మూతికి పెట్టింది.