దక్షిణపు హద్దు

అక్క ఈ కొత్త చీర ఎందుకు కట్టుకొచ్చినట్టు, బోనెక్కడానికా పెళ్ళిచూపులకా, మామూలుగా రావే అని నిన్ననే చెప్పాడు, వింటేగా, ఇరవై ఆరేళ్ళుగా భూముల కేసులే చూస్తున్న ప్లీడరు మాట అందరూ వింటారు, ఒక్క అక్క తప్ప, ఆవిడ లెక్కలో తను ఇంకా ముక్కు చీదుకోవడం రాని తమ్ముడే, సరేలే, పది నిమిషాల పని, పిచ్చి కేసు, నాన్న ఇచ్చిన స్థలంలో రోడ్డు వైపు రెండొందల గజాలు పక్కింటి బట్టల కొట్టాయనకి అమ్మి, వెనక రెండు గదుల్లో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది అక్క, ఆ కొట్టాయన పోయాక ఆయన కొడుకొచ్చి ఆ గదులూ మావే, ఖాళీ చెయ్యండి అంటాడు, ఏం చూసుకునో ఆ ధైర్యం, అదిగో వాడి తరఫు ప్లీడరమ్మ లేచింది, తన దగ్గరే ఆరేళ్ళు పని నేర్చుకున్న మనిషి, అమ్మకం దస్తావేజు చూపించి ఈ సంతకం మీదేనా అమ్మా అంది, నాదే అంది అక్క, చదివే పెట్టారా, లేదమ్మా, మా తమ్ముడు రాశాడు, వాడు రాస్తే నేను చదవడమేంటి, హాల్లో అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, అయితే మీరు అమ్మిన స్థలం హద్దులు చదువుతాను వినండి, ఉత్తరం రోడ్డు, దక్షిణం కాలువ.

కాలువా, కాలువేంటి, కాలువ అక్క గదులకి వెనకాల కదా, దక్షిణం అమ్మకందారు ఉంచుకున్న ఇల్లు అని ఉండాలి, గబగబా పేజీ తిప్పాడు, ఉంది, దక్షిణం కాలువ, దావా కాగితంలో ఈ మాట కనిపించినప్పుడు మొత్తం స్థలానికి నాన్న నాటి పాత దస్తావేజు చూసి వాళ్ళు దించుకున్నార్రా దద్దమ్మలు అనుకున్నాడు, దించింది తనే, హద్దులు పాతదాంట్లోవే కొట్టెయ్యవోయ్ అని టైపిస్టుకి చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు, పరాయివాళ్ళ స్థలమైతే టేపు పట్టుకుని నాలుగు మూలలూ తిరిగేవాడు, మాట మాటా చదివి వినిపించేవాడు, ఇదేమో పుట్టి పెరిగిన ఇల్లు, నాకు తెలియనిదేముంది అనుకున్నాడు, ఆ తరవాత నాలుగుసార్లు చదివీ కాగితం మీద ఉన్నది కాక తన బుర్రలో ఉన్నదే చదువుకున్నాడు, కొలతకీ హద్దుకీ తేడా వస్తే హద్దే నెగ్గుతుందమ్మాయ్ అని ఈ ప్లీడరమ్మకి నేర్పిందెవరు, తనే, అయ్యో అక్కా, నీ రెండు గదులూ నీ చేతే అమ్మించేశానే.

టైపిస్టు మీదకి తోసేస్తే, పాపం చచ్చి ఏ లోకాన ఉన్నాడో, అడిగేవాడెవడు, ఛీ, ఇంత నీచమైన ఆలోచన ఎలా వచ్చింది, తలెత్తితే అక్క తననే చూస్తోంది, చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్ళు ముట్టుకోకుండానే కనిపెట్టే చూపు, తప్పు ఎక్కడో తెలియకపోయినా ఎవరిదో తెలిసిపోయిందావిడకి, ప్లీడరమ్మ వైపు తిరిగి, మా తమ్ముడు తప్పు రాయడమ్మా, కాలువ దాకా అని రాశాడంటే నేనే చెప్పి ఉంటాను అంది, వద్దే, నోర్ముయ్యవే అక్కా, ఆ మాట రికార్డుకెక్కితే నీకు నిలువ నీడ ఉండదే, నా పరువు కోసం నీ ఇల్లు ఇచ్చేస్తావా, జడ్జిగారి పక్కన టైపు చేసే అమ్మాయి వేళ్ళు అప్పుడే కదులుతున్నాయి, తను ఎప్పుడు లేచాడో తనకే తెలియదు, అయ్యా ఆపండి, ఆవిడ నన్ను కాపాడాలని అబద్ధం చెబుతోంది, ఈ దస్తావేజు రాయించింది నేను, హద్దు తప్పు రాయించింది నేను, వకాలతు వదులుకుంటున్నాను, నన్ను సాక్షిగా పిలవండి అన్నాడు, కూర్చోరా, నీకేమైనా పిచ్చా అని అక్క బోనులోంచి కేకేసింది, తను కూర్చోలేదు, ఆ ఇల్లు అక్కకి దక్కాలంటే ఇరవై ఆరేళ్ళ పేరు ఈ గదిలో పోవాలి, పోనీ.