చీమలు బయల్దేరిన చోటు

"ఆడది ఇంటిపట్టున ఉంటే చీమైనా అడిగి లోపలికొస్తుంది," అంది అత్తగారు, టీలో తేలిన చీమను వేలికొసతో తీసి కప్పు అంచుకు రాస్తూ.

వంటింట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి ఆ మాట ఎవరికో అడగక్కర్లేదు. చెవమ్మ గట్టు మీదికి వంగి తడిగుడ్డతో చీమలబారు తుడుస్తోంది. గట్టు మీద తుడిస్తే కిటికీ కింద, కిటికీ కింద తుడిస్తే మళ్ళీ గట్టు మీద. అవి ఎర్రచీమలు, కుడితే దద్దురు లేచే రకం. ఆదివారం పొద్దున్న. ఈ ఇంట్లో పేపరు చదివేవాళ్ళు ముందుగదిలో పేపరు చదువుతున్నారు, తుడిచేవాళ్ళు తుడుస్తున్నారు.

చెవమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నీళ్ళ సరఫరా ఆఫీసులో గ్యాంగువాళ్ళు పెట్టిన పేరు. రోడ్డు కింద గొట్టం ఎక్కడ పగిలిందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఇనుప చువ్వ ఒక కొన నేలకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంటుంది. పక్కనుంచి బస్సులు పోతుంటాయి, దారినపోయేవాళ్ళు నవ్వుకుంటూ పోతుంటారు, ఆమె మాత్రం కళ్ళు మూసుకుని కింద నీళ్ళు చేసే చప్పుడు వింటుంది. బురద తేలినచోటే గునపం వేసే కొత్తవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. "నీళ్ళు ఎక్కడ తేలాయో చూడటానికి నువ్వెందుకయ్యా, అది గేదెకి కూడా తెలుసు. ఎక్కడ బయల్దేరాయో చూడు," అంటుంది. ఆ చెవిని చూసే ఇంజనీరు ఆమెను గ్యాంగుకి పెద్దగా వేస్తానన్నాడు. ఆ పని ఇంతవరకు ఏ ఆడమనిషికీ ఇవ్వలేదు. సోమవారం కల్లా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు.

రేపే సోమవారం. చెవమ్మ రేపు చెప్పబోయేది ఆ పని వద్దని కాదు. ఉన్న ఉద్యోగమే మానేస్తానని.

మనిషిని గొట్టాలు, గునపాలు, బస్సులు ఏమీ చెయ్యలేకపోయాయి. చీమలు మానిపించాయి. ఇంజనీరు ఆ మాట అన్న కొన్నాళ్ళకే ఇంట్లో చీమలు మొదలయ్యాయి. పంచదార డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టింది. చెత్తబుట్ట పూటపూటకీ పారబోసింది. డ్యూటీ నుంచి వచ్చాక బూట్లు కూడా విప్పకుండా గట్టు కడిగేది, నిద్రకు ముందు మళ్ళీ కడిగేది, తెల్లారి లేచి చూస్తే అక్కడే ఉండేవి, జీతానికి వచ్చినట్టు వరసలో. గట్టు అయింది, ఉతికిన బట్టలయ్యాయి, చివరికి పాప పక్కలోకి వచ్చాయి. పోయినవారం పాప మెడ మీద దద్దుర్లు చూసి బళ్ళో టీచరు పిలిపించింది. "ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరూ లేరా అండీ?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది. గుమ్మం దాటేదాకా చెవమ్మ తల ఎత్తలేకపోయింది.

మొగుడు ఒక్కనాడూ గొంతు పెంచలేదు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని వీధంతా చెప్పుకుంటుంది. మందుల షాపు ఆయనది. చీమల పొడి తెచ్చాడు, గీతలు గీసే సుద్ద తెచ్చాడు, చల్లే డబ్బా తెచ్చాడు, తెచ్చిన ప్రతిసారీ ఆమె భుజం తట్టాడు. "నీ తప్పేముందిలే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు ఎవరైనా ఇంతే," అన్నాడు. ఆ మాటకి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా, ఇంత మంచివాణ్ణి ఇన్ని తిప్పలు పెడుతున్నానే అని. నిన్న సాయంత్రం, "మానేస్తాను, సోమవారం చెప్పేస్తాను," అనగానే ఆయన లేచి వెళ్ళి స్వయంగా టీ పెట్టి తెచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన చేతి టీ తాగడం అదే మొదలు. పంచదార ఎక్కువైంది. బాగుందని తాగేసింది.

"నేనూ చేశాను ఉద్యోగం," అత్తగారు మళ్ళీ ఎత్తుకుంది. ఈ కథ చెవమ్మకు కంఠతా వచ్చు. "టెలిఫోను ఎక్స్ఛేంజీలో. లైన్లో ఉండండి, కలుపుతున్నాను అంటే కలెక్టరైనా నోరు మూసుకుని ఉండాల్సిందే. నా గొంతు విని మనిషిని గుర్తుపట్టేవాళ్ళు. ఏం లాభం? ఇంట్లో ఎలకలు పడ్డాయి. ఉయ్యాల తొట్టిలో పిల్లాడి కాలి చిటికెనవేలు కొరికేశాయి. మర్నాడే మానేశాను. ఒకళ్ళు చెప్పాలా? తల్లి అన్నాక ఆమాత్రం ఉండాలి."

ఆ వేలు ఇప్పటికీ అలాగే ఉంది. ఎడమకాలి చిటికెనవేలికి గోరు లేదు, కొస లేదు. కొడుకు కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు అత్తగారి చూపు ముందు అక్కడికే పోతుంది. షాపు పెట్టుకుని, బట్టతల వచ్చి, ఒక పిల్లకు తండ్రయినవాడి కాలివేలికి ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు నూనె రాస్తుంది. "నా ఉద్యోగం తిన్న వేలు," అంటుంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. మరో సంగతి. ఇంట్లో ఫోను మోగితే ఆవిడ ఎత్తదు. పక్కనే ఉన్నా సరే, "ఎవరో చూడండి," అని కేకేస్తుందే తప్ప చెయ్యి పెట్టదు.

చెవమ్మ తుడుస్తూ తుడుస్తూ ఆగింది. గట్టు మీద పొద్దుటి టీకి ఒలికిన పంచదార పలుకులు నాలుగున్నాయి. చీమలు వాటి పక్కనుంచే పోతున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు. పంచదార పలుకును కాదని పోయే చీమను ఆమె ఎక్కడా చూడలేదు. ఇంకా వంగి చూసింది. కిటికీ పగులులోంచి లోపలికి వచ్చేవి సన్నగా ఉన్నాయి. ఎదురుగా వచ్చి పగులులోకి పోయేవాటి పొట్టలు నిండి, మెరుస్తున్నాయి. అంటే ఇవి వంటింటికి వచ్చినవి కావు. వంటిల్లు వాటికి దారి మాత్రమే. కడుపు నింపుకునేది ఇంట్లో ఇంకెక్కడో.

ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తేలినచోట తుడిచాను. ఇదే పని గ్యాంగులో ఎవరన్నా చేసుంటే నాలుగు వీధులు వినపడేట్టు తిట్టేదాన్ని. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆ బుద్ధంతా ఏ కొక్కేనికి తగిలిస్తున్నాను? చీమలంటే నా తప్పు, నా తప్పంటే గుడ్డ పుచ్చుకో, అంతే. ఎక్కడినుంచి అని ఒక్కసారి అడగలేదే. అడగనివ్వకుండా చెయ్యడానికేనా ఆ మాటలన్నీ?

గుడ్డ గట్టు మీద పడేసి బారు వెంట నడిచింది. తలుపు చట్రం, నడవ గోడ అంచు, బీరువా వెనకసందు. బారు ఎక్కడా తెగలేదు. అత్తగారూ పాపా పడుకునే గదిలోకి వెళ్ళింది. పాప పక్కింటికి ఆడుకోవడానికి పోయింది. పాప మంచం కోడు ఎక్కి, పరుపు కింది చెక్క వెనక్కి తిరిగింది బారు. చెవమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని మంచం కింద తల దూర్చింది.

తలగడ వైపు చెక్కకు అడుగున, గోధుమరంగు టేపుతో, చిన్న ప్లాస్టిక్ కప్పు అంటించి ఉంది. దగ్గుమందు సీసాలకు మూతగా వచ్చే, గీతలున్న కొలత కప్పు. అందులో దూది. దూది నిండా గులాబీరంగు సిరప్పు. వేలు పెట్టి చూసింది. తడిగా ఉంది. ఎండిపోలేదు, గడ్డకట్టలేదు. పోసి ఒక్క రాత్రి కూడా దాటి ఉండదు.

ఆమె అలాగే పడుకుండిపోయింది. ముందు బుర్ర పనిచెయ్యలేదు. పాప ఆటకు పెట్టుకుందేమో అనుకుంది. పాపకు ఆ టేపు ఎక్కడిది? అది షాపులో అట్టపెట్టెలకు వేసే టేపు. అత్తగారేమో అనుకుంది. ఆవిడ మోకాళ్ళు వంగక మంచం మీదినుంచి లేవడానికే గోడ పట్టుకుంటుంది. మిగిలింది ఎవరో తెలుస్తూనే ఉంది, తెలియకుండా ఉంటే బాగుండునని ఇంకాసేపు కళ్ళు మూసుకుంది. రోజూ పాప నిద్రపోయాక వెళ్ళి దుప్పటి సర్ది వచ్చేది ఆయనే. పిల్లంటే ఎంత ప్రాణమో అని తను పదిమందికి చెప్పుకుంది. నిన్న రాత్రి కూడా వెళ్ళాడు. మానేస్తానన్నాక, టీ పెట్టి ఇచ్చాక, వెళ్ళాడు. ఒక చేత్తో చీమల మందు, ఒక చేత్తో చీమల మేత. పరాయివాళ్ళెవరో ఇన్నాళ్ళూ తన ఇంట్లో తనకు మొగుడిగా తిరిగినట్టనిపించింది.

ముందుగదిలోకి వెళ్ళి కప్పును పేపరు మీద పెట్టింది. సిరప్పు అక్షరాల మీదికి కారింది.

ఆయన కప్పును చూశాడు, ఆమెను చూశాడు. కంగారు పడతాడనుకుంది. పడలేదు. పేపరు మడత పెట్టాడు.

"మెల్లగా మాట్లాడు. అమ్మ వింటుంది," అన్నాడు.

"నేనింకా ఏమీ మాట్లాడలేదండీ."

"చూడూ, నిన్ను కొట్టానా? తిట్టానా? మానెయ్యమని ఒక్క మాట అన్నానా? ఇంకొకడైతే జుట్టు పట్టుకుని మానిపించేవాడు. మా షాపు ముందే రోడ్డు మీద చువ్వ చెవికి పెట్టుకుని కూర్చుంటావు. మందుకొచ్చినవాడల్లా మీ ఆవిడకి కింద ఏం వినపడుతుందండీ అని అడుగుతాడు. నేను నవ్వుతాను. ఎన్నాళ్ళు నవ్వను? రేపు గ్యాంగు పెద్దవయితే ఇంకేం ఉంది?"

"పాప పక్కలో పెట్టారు."

"చీమలే కదా. చీమ కుడితే ఎవరన్నా చస్తారా?"

"పాప పక్కలో, తలగడ కింద పెట్టారు," అంది మళ్ళీ. ఆమెకు ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి రావడం లేదు.

"వంటింట్లో పెడితే నువ్వు కదల్లేదుగా. కడిగి డ్యూటీకి పోయావు." ఆయన గొంతు ఇంకా మెత్తగానే ఉంది. కాలు చాపి చిటికెనవేలు చూపించాడు. "ఇదిగో, నన్ను ఎలక కొరికింది. నాకేమైంది? దున్నపోతులా లేనూ? ఆ తొట్టి కింద రొట్టెముక్కలు పెట్టింది మా నాన్నే. పోయేముందు ఆసుపత్రిలో చెప్పాడు, నవ్వుకుంటూ. వేలు పోతే పోయిందిరా, మీ అమ్మ ఇంట్లో పడింది, అన్నాడు. అమ్మకేం తక్కువైంది చెప్పు? రాణిలా బతికింది."

గుమ్మంలో కప్పు సాసరు మీద గలగలలాడింది. అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"అమ్మా, అది సరదాకి అన్న మాట," అన్నాడు ఆయన, మొదటిసారి తడబడి.

ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి టీకప్పు బల్ల మీద పెట్టింది. పేపరు మీది కొలత కప్పును తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూదిలో కదులుతున్న చీమలను చూసింది. తర్వాత కొడుకు కాలివేలి వైపు చూసింది. ఈసారి అందులో నూనె రాసే చూపు లేదు. ఎవరిదో కాలు చూసినట్టు చూసింది.

"రొట్టెముక్కలా," అంది చివరికి. "మర్నాడు నేను వెళ్ళి హెడ్‌ఫోను తిరిగి ఇచ్చేసి వచ్చాను. మీ నాన్న గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. మంచిపని చేశావన్నాడు. అన్నం కలిపి పెట్టాడురా నాకు ఆ రోజు."

పంచదార ఎక్కువైన టీ చెవమ్మ గొంతులోకి మళ్ళీ వచ్చినట్టయింది.

"తల్లినై ఉండి పిల్లాణ్ణి ఎలకలకి వదిలేశానని ఇన్నేళ్ళూ ఏడ్చాను. నిన్ను కూడా ఏడిపించాను, అమ్మాయీ," అంది అత్తగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు లేవు. నోరు మాత్రం కాస్త తెరుచుకుని ఉండిపోయింది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా," అన్నాడు ఆయన. "రేపు అది మానేస్తుంది, చీమలూ పోతాయి, గొడవ వదిలిపోతుంది."

ఆ మాటతో చెవమ్మకు ఊపిరి అందింది. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. ఎప్పటికీ కాదు. తడిగుడ్డ కోసం వంటింట్లోకి నడవబోయి ఆగింది. తుడవాల్సింది తను కాదు. "పాప మంచం చెక్కకి ఇంకా అంటుకుని ఉంది. గుడ్డ గట్టు మీద ఉంది. తుడవండి," అంది. "పాపా నేనూ ఇవాళ మీరున్న ఇంట్లో పడుకోం. తర్వాతి సంగతి తర్వాత చూస్తాను." బల్ల మీది తన ఫోను చేతిలోకి తీసుకుంది.

"రేపటిదాకా ఎందుకు," అంది అత్తగారు, కోడలి చేతిలోని ఫోను చూస్తూ. "ఆ ఇంజనీరుకి ఇప్పుడే చెయ్యి."

చెవమ్మ నెంబరు నొక్కింది. అవతల ఇంజనీరు హలో హలో అంటున్నాడు. ఆమె నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. అత్తగారు చెయ్యి చాపి ఫోను తీసుకుంది. గోడ వదిలేసి నిటారుగా నిలబడింది. ఒక్కసారి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత వచ్చిన గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ విననిది, కొడుకు కూడా.

"లైన్లో ఉండండి. గ్యాంగు పెద్దగారు మాట్లాడతారు. కలుపుతున్నాను."