రాణిగారి మోకాటి చిప్పలు

మా ఇంట్లో భోజనాల దగ్గర ఎముకలు, కండరాలు అన్న మాటలు వినపడకూడదని మా అబ్బాయి చట్టం చేశాడు. పాపం, వాడు నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే మనిషి. తల్లి, అంటే నేను, చూస్తే పశువైద్య కళాశాలలో చచ్చిన జంతువుల ఎముకలు ఉడకబెట్టి, ఎండబెట్టి, తీగలతో కట్టి నిలబెట్టే ఉద్యోగం చేస్తోంది. పోనీ పెళ్ళామైనా మామూలు మనిషా అంటే, ఆ అమ్మాయి అదే కళాశాలలో, అదే విభాగంలో జంతువుల కండరాల మీద పరిశోధన చేస్తోంది. సంబంధం కుదిర్చింది నేనే. వాడు ఇప్పటికీ వీలున్నప్పుడల్లా ఆ మాట ఎత్తుతుంటాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా పని. ఆవు, మేక, ఒంటె, ఒకసారి సర్కస్ నుంచి వచ్చిన ముసలి ఎలుగుబంటి, అన్నీ నా చేతుల మీదుగానే లేచి నిలబడ్డాయి. నా పద్ధతి నాది. కళేబరం నుంచి ఎముక ఊడి రాగానే దానికో రేకు బిళ్ళ కడతాను. బిళ్ళ మీద అంకె, పక్కన ఎడమదైతే ‘ఎ’, కుడిదైతే ‘కు’. ఉడికి, ఎండి, తెల్లబడ్డాక అవే అక్షరాలు చెరగని సిరాతో ఎముక మీద రాస్తాను. నా బిళ్ళలో తప్పు చూపించినవాళ్ళ కోత కత్తులూ పళ్ళేలూ ఏడాదిపాటు నేనే కడుగుతానని గోడ మీద అట్ట కూడా తగిలించాను. ఆ అట్ట వేలాడబట్టి పదకొండేళ్ళు. ఒక్క కత్తి కూడా కడగలేదు. పొగరా అంటే, అవును, పొగరే.

రాణిగారు మా కళాశాల గుర్రం. గుర్రం నాడి ఎక్కడ చూడాలో, డెక్క ఎలా ఎత్తి పట్టుకోవాలో ఇరవై రెండేళ్ళపాటు విద్యార్థులందరూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. గట్టిగా పట్టుకున్నవాళ్ళని తోకతో చెంప మీద కొట్టేది. ఎనిమిది నెలల కిందట వయసు మీద పడి కన్నుమూసింది. ఆవిడని మొదటి రోజు నుంచీ చూసుకున్నవాడు గుర్రాల బాబాయి. ఆయన పేరు రికార్డుల్లో ఏదో ఉంటుంది గానీ, మాకందరికీ బాబాయే. రాణిగారు పోయిన రోజు నా గదికి వచ్చి, “అమ్మాయ్, దాన్ని పూడ్చొద్దు. నిలబెట్టు. పిల్లలకి ఇంకా పాఠం చెబుతుంది,” అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. నిలబెడతానని మాటిచ్చాను.

ఇక్కడ మా కోడలి పరిశోధన గురించి చెప్పాలి. గుర్రం నిలబడే నిద్రపోతుంది కదా, పడిపోదేం? వెనక కాలి మోకాటి చిప్ప తొడ ఎముక చివరనున్న గట్టుకి పైనుంచి తగులుకుని, తలుపుకి గడియ పడ్డట్టు బిగుసుకుంటుంది. అప్పుడు కండరాలకి పెద్దగా పని లేకుండానే ఆ కాలు బరువు మోస్తుంది. రెండో వెనక కాలు కాస్త మడిచి, డెక్క కొన నేలకి ఆనించి విశ్రాంతి తీసుకుంటుంది. ఒకే కాలికి ఏళ్ళ తరబడి గడియ వేస్తే ఆ చిప్పా, ఆ కండరాలూ ఎలా మారతాయన్నది మూడేళ్ళుగా ఆ అమ్మాయి తవ్వుతున్న ప్రశ్న. రాణిగారి మీద రాసిన అధ్యాయమే దానికి గుండెకాయ.

ఆ అధ్యాయమే అడ్డం తిరిగింది. కండరాలు తూచి చూస్తే ఎడమ తొడవి బరువుగా ఉన్నాయి, కుడివి సన్నబడి ఉన్నాయి. అంటే ఆవిడ ఎడమ కాలి మీద నిద్రపోయేదని కండరాలు చెబుతున్నాయి. కానీ రాపిడికి అరిగి నున్నగా మెరుస్తున్న మోకాటి చిప్ప మీద నా సిరాతో ‘కు’ అని ఉంది.

“నీ తూకంలోనే ఏదో తేడా,” అన్నాను నేను, పదిమంది ముందూ. “త్రాసు సరిచూసుకో అమ్మాయ్.”

“మూడుసార్లు చూశానత్తయ్యా.”

“నాలుగోసారి చూడు. నా బిళ్ళ మారదు.”

ఆ అమ్మాయి నావైపు ఒక్క క్షణం చూసి, వెళ్ళి నాలుగోసారి తూచింది. ఫలితం మారలేదు. మా విభాగం పెద్దసారు మంచివాడే గానీ, లెక్క దగ్గర మొహమాటపడే మనిషి కాడు. “కండరం ఒకటి చెప్పి, ఎముక ఒకటి చెబితే ఎలాగమ్మా? శుక్రవారంలోగా తేల్చు. లేకపోతే ఆ అధ్యాయం తీసేసి మిగిలింది ఇచ్చెయ్,” అన్నాడు. మూడేళ్ళ కష్టంలో సగం పోతుంది. ఆ వారమంతా మా అబ్బాయి చట్టం చక్కగా అమలైంది. భోజనాల దగ్గర ఎవరూ ఎముకల మాట ఎత్తలేదు. అసలు ఏ మాటా ఎత్తలేదు.

శుక్రవారం ఉదయానికి అస్థిపంజరం దాదాపు పూర్తయింది. కోడలి కొలతల కోసం సొరుగులో ఉంచిన రెండు మోకాటి చిప్పలు పెట్టడమే మిగిలింది. తల ఎత్తి, నాలుగు కాళ్ళూ సమానంగా ఆనించి, బొమ్మ గీసినట్టు నిలబెట్టాను. నాకే ముచ్చటేసింది. బాబాయికి కబురు పెట్టాను.

ఆయన వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. మెచ్చుకుంటాడని నేను చేతులు కట్టుకుని నిలబడితే, ఆయన గడ్డం గోక్కుంటూ, “ఎవరిది?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “ఎవరిదేమిటి బాబాయ్! రెండు వందల అయిదు ఎముకలు, ఒక్కటి కూడా పరాయిది లేదు. రాణిగారే!”

“ఎముకలు దానివే అయ్యుంటాయిలే. నిలబడ్డం దానిది కాదు. అది ఎప్పుడమ్మా ఇలా కవాతుకి నిలబడ్డట్టు నిలబడింది? చిన్నప్పుడు కుడి వెనక డెక్కలో మేకు దిగింది. అప్పటినుంచీ కుడికాలు మడిచి, ఎడమ కాలి మీదే కునుకు తీసేది. ఇరవై రెండేళ్ళు చూశాను.”

కోడలి కండరాల మాటే ఈయనా చెబుతున్నాడు! ఇద్దరూ కలిసి నా బిళ్ళ మీదకి వచ్చినట్టనిపించింది. ఆయన్ని ఇరికిద్దామని విద్యార్థుల్ని అడిగే ప్రశ్నే అడిగాను.

“కుడి అంటే దాని కుడివైపా, నీ కుడివైపా? ఎదురుగా నిలబడి చూస్తే దాని కుడి మనకి ఎడమవైపు ఉంటుంది, తెలుసా?”

ఆయన నవ్వాడు. “గుర్రం దగ్గర పనిచేసేవాడికి సొంత కుడీ ఎడమా ఉండవమ్మాయ్. గుర్రానివే మనవి.”

ఆ మాట చెవిన పడగానే ఎనిమిది నెలల కిందటి ఆ రోజు గుర్తొచ్చింది. మామూలుగా కళేబరాన్ని పక్కకి ఒత్తిగిల్లబెట్టి కోస్తాం. ఆ రోజు రెండు తొడల కండరాలూ ఒకేసారి చూడాలని కోడలు అడిగితే, గొలుసులు కట్టి వెల్లకిలా పడుకోబెట్టాం. నేను తోకవైపు నిలబడ్డాను. మిగతా ఎముకలన్నిటికీ కాళ్ళు విడదీసి బల్ల మీద పెట్టుకున్నాక బిళ్ళలు కట్టాను. మోకాటి చిప్పలు మాత్రం అక్కడికక్కడే ఊడి వచ్చాయి. అప్పుడే కోడలికీ నాకూ వాదన నడుస్తోంది. మా అబ్బాయి బట్టలు వాడే ఉతుక్కోవాలని తను, నేర్పితే ఉతుకుతాడని నేను. ఆ జోరులో నా ఎడమ చేతివైపు వచ్చినదానికి ‘ఎ’, కుడి చేతివైపు వచ్చినదానికి ‘కు’ కట్టేశాను. వెల్లకిలా పడుకున్న గుర్రానికి తోకవైపు నిలబడితే, దాని ఎడమ ఎటుంటుంది? నా కుడివైపు!

ఒక్క అంగలో సొరుగు దగ్గరికి వెళ్ళాను. నిజానికి మోకాటి చిప్ప ఎడమదో కుడిదో ఆకారం చూస్తే తెలిసిపోతుంది. కొత్తగా చేరిన విద్యార్థి కూడా చెప్పగలడు. మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదంటారా? అక్షరం కళ్ళెదుట ఉండగా ఆకారం ఎవరు చూస్తారు! అందులోనూ నేను రాసిన అక్షరం. మెరుస్తున్న చిప్ప తీసుకుని, నా అక్షరం మీద బొటనవేలు అడ్డం పెట్టి చూశాను. ఎడమది. శుభ్రంగా, నిస్సందేహంగా ఎడమది. ఎడమ తొడ ఎముక గట్టు మీద పెడితే, గిన్నె మీద దాని మూత కూర్చున్నట్టు కూర్చుంది.

అదే సొరుగులో కోడలి నోటు పుస్తకం ఉంది. చూడకూడదని తెలుసు, చూశాను. రెండు నెలల కిందటి పేజీలో పెన్సిల్‌తో ఇలా ఉంది: ‘ఆకారం చూస్తే ఎడమది. బిళ్ళలు తారుమారయ్యాయా?’ దానిమీద అడ్డంగా ఒక గీత. కింద, ‘అత్తయ్య రాసింది. అడగను.’

నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఏడుపొచ్చింది. ఈ పిల్ల రెండు నెలలుగా నిజం తెలిసీ, నేను పదిమందిలో త్రాసు చూసుకోమంటే నోరు మూసుకుని వెళ్ళి నాలుగోసారి తూచింది. గోడ మీది నా అట్ట నిలబెట్టడానికి తన అధ్యాయం వదులుకోవడానికి సిద్ధపడింది.

చిప్పలు రెండూ చేత్తో పట్టుకుని పెద్దసారు గదికి నడిచాను. నడిచానని మర్యాదకి అంటున్నాను గానీ, పరుగెత్తాను. లోపల కోడలు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది.

“తీసేస్తానండీ,” అంటోంది అప్పుడే.

“తియ్యదు!” అన్నాను. చిప్పలు బల్ల మీద పెట్టాను. “సార్, ఇవి తారుమారయ్యాయి. బిళ్ళలు కట్టింది నేను. గుర్రం ఎడమ చూడాల్సిన చోట నా ఎడమ చూసుకున్నాను. అమ్మాయి తూకం మొదటిసారే సరిగ్గా ఉంది.”

పెద్దసారు చిప్ప అందుకుని, అక్షరం చూసి, ఆకారం చూసి, మళ్ళీ అక్షరం చూశాడు. “దీన్ని నేను కూడా అయిదుసార్లు చూశానే!” అన్నాడు. కాసేపు ముఖం గంభీరంగా పెట్టడానికి ప్రయత్నించి, చేతకాక నవ్వేశాడు.

“అత్తయ్యా, మీరెందుకు ఇప్పుడు...” అని కోడలు సణిగింది.

“నోర్మూసుకో. రెండు నెలల కిందట తెరవాల్సింది. ఇంకెప్పుడైనా నా తప్పు కనిపించి దాచావంటే ఊరుకోను.” తిడుతూనే తలమీద చెయ్యి వేశాను. ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనిపించలేదు, నా కళ్ళద్దాలు మసకబారాయి.

చిప్పల మీది అక్షరాలు గీకి మళ్ళీ రాశాను. తర్వాత రెండు రోజులు బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎముకలకి ఆధారంగా పెట్టిన ఇనప ఊచలు విప్పి మళ్ళీ కట్టాను. “తల ఇంకొంచెం దించు,” అనేవాడు. “నడుం కుడివైపుకి వాలాలి. ఇంకా. ఆ, అక్కడ.” ఆయన చెప్పిన చోటికి ఎముక తెస్తే, కోడలు తన కండరాల కొలతలతో సరిచూసేది. ఒక్కటీ తప్పు రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఇంకొకరు చెబితే ఎముక కదిపింది అదే మొదటిసారి. కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు.

సోమవారం కొత్త విద్యార్థులు వచ్చే వేళకి నేను మూలనున్న తొట్టి దగ్గర కోడలి కత్తులు కడుగుతున్నాను. గోడ మీది అట్ట తీసెయ్యమని తను బతిమాలింది. ససేమిరా అన్నాను, మాట మాటే. రాణిగారు గది మధ్యలో తల దించి, ఎడమ కాలికి గడియ వేసుకుని, కుడి డెక్క కొన నేలకి ఆనించి నిలబడి ఉంది. బాబాయి చాలాసేపు చూశాడు. దగ్గరికి వెళ్ళి, ఒకప్పుడు జూలు ఉండే చోట, మెడ ఎముకల మీద అరచెయ్యి ఆనించాడు.

నలభైమంది పిల్లలు గోలగా తోసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చారు. బాబాయి వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టాడు.

“మెల్లగా రండి బాబూ. నిద్రపోతోంది.”

పిల్లలు ఠక్కున ఆగిపోయారు. నా చేతిలో ఇంకా నాలుగు కత్తులున్నాయి. చప్పుడు కాకుండా ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టాను.