ఏరిపారేసిన గింజలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దమండ్యం చుట్టుపక్కల గొర్రెలు కాసుకునే మా వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు రేషన్ స్టోరు డీలరు గంగులప్పను జుట్టు పట్టి బయటికి ఈడ్చింది నేనే. అందరూ చూస్తుండగా మొహం మీద గుద్దింది నేనే. రెండు పళ్లు ఊడి ఆయన చొక్కా మీద పడ్డాయి. అయినా ఆపలేదు.

ఎందుకు కొట్టానంటే, ఏడు నెలల కడుపుతో ఉన్న నా భార్య భవ్య ఆ పొద్దున బోరింగు దగ్గర బిందెతో సహా కూలిపోయింది. పెదాలు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. ఇంట్లోకి మోసుకొచ్చి పడుకోబెట్టాను. మా అమ్మ మల్లమ్మ రొమ్ము బాదుకుంటూ, "ఆ ప్లాస్టిక్ బియ్యమే రా మునిరాజా! ఎంత ఏరినా కడుపులోకి పోయినట్టుండాది" అంది. అంతే, గొర్రెలు తోలే కట్టె అందుకున్నాను.

ప్లాస్టిక్ బియ్యం అంటే మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. స్టోరు బియ్యంలో అక్కడక్కడా కాస్త పసుపుగా, అన్నీ ఒకే అచ్చులో తీసినట్టుండే గింజలు. కడిగితే నీళ్ల మీద తేలతాయి. అమ్మ రోజూ బియ్యం చేటలో పోసుకుని, కళ్లజోడు సర్దుకుని, వాటిని ఒక్కొక్కటే ఏరి కోళ్లకు విసిరేది. ఒక్కటి కనబడినా మళ్లీ మొదటి నుంచి ఏరేది. కోడలంటే ఆమెకు అంత ప్రేమ.

అంతకు ముందు వారం భవ్య పెరట్లో కోళ్లను తోలేసి, ఆ గింజల్నే ఏరుకుని నములుతోంది. నేను చూశాను. "అంగన్‌వాడీ ఝాన్సీ అక్క సెప్పింది. అవి ప్లాస్టిక్ కాదంట, రక్తం పట్టే గింజలంట" అంది. నాకే పాఠాలు చెబుతావా అని చెంప పగలగొట్టాను. నోట్లో వేళ్లు పెట్టి అన్నీ కక్కించాను. నా గోరు తగిలి ఆమె పంటి చిగురు చీరుకుపోయింది. ఉమ్మిలో నెత్తురు కనబడితే, "సూసినావా, ప్లాస్టిక్ ఎట్ల కోసిందో!" అన్నాను.

స్టోరు ముందు గంగులప్ప చేతులు జోడించాడు. "గవర్నమెంటే కలిపి పంపిస్తాది మునిరాజా, నన్ను యాల సంపుతావప్పా?" అని ఏడ్చాడు. కట్టెతో మోకాలి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అంతలో ఝాన్సీ పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డం పడింది. తోసేశాను. గడప తగిలి ఆమె నుదురు చిట్లింది. ఆ నెత్తురు తుడుచుకోకుండానే నా చొక్కా పట్టుకుంది.

"కొట్టింది సాలు! ఆడ నీ పెండ్లాం నెత్తురు మడుగులో పడుండాది. 108 వస్తాండాది. పో!"

మదనపల్లెలో ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. భవ్యకు రక్తం ఐదు గ్రాములే ఉందన్నారు. ఎక్కిస్తున్నాం, బతుకుతుందని ఇప్పుడే మాటివ్వలేం అన్నారు.

డాక్టరు అంబిక బయటికి వచ్చి, "ఈ పిల్లకి ఏం పెడతాండారమ్మా?" అని అడిగింది.

అమ్మ కాస్త గొప్పగానే చెప్పింది. "బాగానే సూసుకుంటాండామమ్మా. ప్లాస్టిక్ గింజ ఒక్కటి నోట్లో పడనీలేదు. ఐరన్ మాత్రలేస్తే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమైతాదని అవీ ఏసుకోనీలేదు. అంగన్‌వాడీ గుడ్లు వేడి సేస్తాయని మావోడికే పెట్టినా."

నిజమే. ఆ గుడ్లన్నీ తిన్నది నేనే.

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు మూసింది. "అవి ప్లాస్టిక్ కాదమ్మా. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల మాదిరి చేస్తారు. నూరు గింజలకు ఒకటి కలుపుతారు. ఒంటికి కావాల్సింది రవ్వంతే. ఆ రవ్వంత అందకపోతే రక్తం ఊరదు. గింజల వల్లే ఇదంతా అనను. మాత్రలు ఆపినారు, గుడ్లు ఆపినారు. ఇంక ఆ పిల్లకి ఏం మిగిల్చినారు?"

అమ్మ చెంపలు వాయించుకుంటూ నేల మీద కూలబడింది. నాకు ఎవర్నైనా కొట్టాలనిపించింది. ఎవర్ని కొట్టాలి? గోడను గుద్దాను. మళ్లీ గుద్దాను. వేళ్ల మీద చర్మం లేచిపోయింది. నన్ను పట్టుకుపోవడానికి వచ్చిన కానిస్టేబులు, "సాల్లేప్పా. పెండ్లాన్ని ఒకసారి సూసి రా, స్టేషన్‌కి పోదాం" అన్నాడు.

భవ్యకు మెలకువ వచ్చింది. ఎడమ చేతికి సూది, పైన రక్తం సంచి. సిగ్గుతో తల దించుకుని మంచం పక్కకు వెళ్లాను. ఆమె మొహం మీద పడ్డ వెంట్రుకలు తీద్దామని చెయ్యెత్తాను.

గబుక్కున ఆ సూది ఉన్న చేతినే అడ్డం పెట్టుకుంది. సూది ఊడింది. ఒంట్లోకి పోవాల్సిన రక్తం దుప్పటి మీద కారుతోంది.

"కొట్టొద్దు" అంది. "నేనేం తినలేదు."