భ్రమరాంబ గారి గొంతుకు దారి

నేను ఒక లింకును. ఈమెయిల్లో నీలం రంగులో, కింద ఒక గీతతో కనబడే పొడవాటి అక్షరాల తోకను. అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉంటాను కాబట్టి నన్ను ఎవరూ పైకి చదవరు. మా జాతికి లోకంలో ఏమంత మంచి పేరు లేదు. లాటరీ తగిలిందని ఆశపెట్టేవీ, కరెంటు తీసేస్తామని బెదిరించేవీ, నొక్కగానే బ్యాంకు ఖాతా ఊడ్చేసేవీ మాలో చాలా ఉన్నాయి. వాటి పుణ్యమా అని నన్ను కూడా జనం ఎగాదిగా చూస్తారు. నేను మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ ఒకే పని చేశాను. ఒకావిడ గొంతు దగ్గరికి మనుషుల్ని తీసుకెళ్లాను.

ఆవిడ పేరు భ్రమరాంబ. ఊరు తెనాలి. వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ట్రంకు కాల్స్ కలిపే రోజుల నుంచి అవి మాయమైపోయే రోజుల దాకా అక్కడే పనిచేసి, ముందస్తు విరమణ తీసుకున్నారు. ముఖం చూడకపోయినా గొంతు విని ఆవిడను గుర్తుపట్టేవాళ్లు ఊళ్లో చాలామంది ఉండేవారు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం అలవాటు లేక, విజయవాడలోని ఒక సంఘం వాళ్లతో మాట్లాడి, చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివి రికార్డు చేసే పని ఒప్పుకున్నారు. జీతం లేని పని. భర్త పానకాలరావు గారికి అందులో తెలిసిందల్లా, మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ సౌండు తగ్గించాలని మాత్రమే.

ఆవిడ వంతుకు వచ్చిన మొదటి విద్యార్థిని హుస్సేన్‌బీ. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో పరుపులు కుట్టే ఆయన కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. చరిత్ర అంటే ఇష్టం. కొత్తగా మారిన చరిత్ర పాఠ్యపుస్తకం బ్రెయిలీలో రాలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పుస్తకం చదివి పెట్టేవాళ్లు దొరక్క, ఈ ఏడు తప్పినట్టేనని ఇంటికి కబురు కూడా పెట్టేసింది.

భ్రమరాంబ గారు పడకగదిలో తలుపేసుకుని చదివేవారు. ఫ్యాను రొద రికార్డులో పడుతుందని దాన్ని ఆపేసేవారు. తెనాలిలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెమట తుడుచుకుంటూ మొదటి పాఠం పూర్తిచేసి ఈమెయిల్‌కు అటాచ్ చేస్తే, ఫైలు మరీ పెద్దదని వెనక్కి కొట్టింది. దాన్ని ముక్కలు చేసి పంపారు. ముక్కలు ముందువి వెనకా, వెనకవి ముందూ చేరాయి. మౌర్యుల మధ్యలోకి కుషాణులు వచ్చి కూర్చున్నారు. మూడో పాఠం వచ్చేసరికి హుస్సేన్‌బీ మెయిలు పెట్టె నిండిపోయి, కాలేజీ వాళ్లు పంపిన పరీక్ష కబుర్లు కూడా అందలేదు.

భ్రమరాంబ గారు సంఘం వాళ్లకు ఫోన్ చేసి గోడు చెప్పుకున్నారు. అటాచ్‌మెంట్లు మానేయండి, పాఠాలన్నీ నెట్‌లో ఒకే ఫోల్డర్లో పెట్టుకుని దాని లింకు ఒక్కటి పంపండి అన్నారు వాళ్లు. ఎలా చెయ్యాలో ఫోన్లోనే ఒక్కొక్క మెట్టూ చెబుతుంటే ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంటూ చేశారు. అలా నేను పుట్టాను. అటాచ్‌మెంటు ఉత్తరంతో పాటే వెళ్లిపోయి, అందుకున్నవాళ్ల ఇంట్లో కాపురం పెడుతుంది. ఆ తర్వాత పంపినవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. నేను అలా కాదు. వస్తువు ఆవిడ దగ్గరే ఉంటుంది. నేను దానికి దారిని.

హుస్సేన్‌బీ ఫోన్లో తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఏర్పాటు ఉంది. ఆ యంత్రపు గొంతు నన్ను అక్షరం అక్షరం విడగొట్టి చదవబోయింది. పక్క మంచం అమ్మాయి అది విని, నొక్కొద్దు, మా మామ ఇట్లాంటిదే నొక్కి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు అని హడలగొట్టింది. హుస్సేన్‌బీ జాగ్రత్త గల పిల్ల. నన్ను ముట్టుకోకుండా ముందు తెనాలికి ఫోన్ చేసింది. అంతవరకూ ఇద్దరికీ ఈమెయిళ్లే తప్ప మాటల్లేవు.

“మేడమ్, మీ పేరుతో ఒక లింకు వచ్చింది. మీరే పంపినారా?”

“నేనే అమ్మాయ్. అడిగి మంచిపని చేశావు. ఇప్పుడు నొక్కు.”

నొక్కింది. మీకు అనుమతి లేదు అని చెప్పాను. నన్ను తయారుచేసేటప్పుడు ఆవిడ తలుపు తెరవడం మర్చిపోయారు, నేనేం చెయ్యను? లోపలికి రానీయడం లేదు మేడమ్ అని హుస్సేన్‌బీ అంటే, భ్రమరాంబ గారు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అటూ ఇటూ వెతికి, లింకు ఉన్నవాళ్లెవరైనా వినవచ్చు అన్న చోట నొక్కారు. మరుక్షణం కర్నూలు హాస్టల్ గదిలో ఆవిడ పాఠం మొదలైంది. ఫోన్లో వింటున్న గొంతే పాఠంలోనూ వినబడేసరికి హుస్సేన్‌బీ నవ్వేసింది. ఆ నవ్వు విని తెనాలిలో ఆవిడా నవ్వారు.

తర్వాత పాఠాలు చకచకా వచ్చాయి. ప్రతిసారీ కొత్త ఉత్తరం అక్కర్లేదు. ఆవిడ ఫోల్డర్లో పెడితే, ఈ పిల్ల నన్ను నొక్కితే చాలు. పాఠాల్లో చరిత్రతో పాటు తెనాలి కూడా వచ్చేది. కుక్కర్ కూతలు, వీధిలో ఉప్పు అమ్మేవాడి కేక, ఒక్కోసారి ఆవిడ చదువుతూ చదువుతూ ఆగి, “ఈ వాక్యం నాకూ అర్థం కాలేదమ్మాయ్, ఇంకోసారి చదువుతా” అనడం. వాటిని తీసేయమంటారా అని ఆవిడ అడిగితే, వద్దు మేడమ్, పక్కన కూర్చుని చెప్పినట్టుంది అంది హుస్సేన్‌బీ.

ఒకరోజు విజయనగర పాలన పాఠంలో చిక్కొచ్చింది. నాయంకర విధానం గురించి చెబుతున్న వాక్యం సగంలో తెగి, విదేశీ యాత్రికుల దగ్గర తేలింది. తప్పు తన ఫోనుదేమోనని హుస్సేన్‌బీ మళ్లీ మళ్లీ విని, చివరికి మొహమాటపడుతూనే ఫోన్ చేసింది. భ్రమరాంబ గారు పుస్తకం తీసి చూస్తే, అంచు సరిగా కొయ్యక రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. అప్పటికే నన్ను హుస్సేన్‌బీ తన స్నేహితులకు పంపింది. వాళ్లు తిరుపతికీ అనంతపురానికీ పంపారు. చూపులేని పిల్లలు ఎంతమందో ఆ తప్పు పాఠం వింటున్నారు. అటాచ్‌మెంటుగా వెళ్లి ఉంటే అది ఎవరి ఫోన్లో వాళ్లకు అలాగే మిగిలిపోయేది. భ్రమరాంబ గారు ఆ మధ్యాహ్నమే మళ్లీ ఫ్యాను ఆపి, పాఠమంతా తిరిగి చదివి, పాతది తీసి కొత్తది పెట్టారు. “రెండు పేజీలు మింగేశానర్రా, ఇదిగో కక్కుతున్నాను, వినండి” అని మొదలుపెట్టారు. ఆ మాట కోసమే ఆ పాఠం మళ్లీ వినేవాళ్లట హాస్టల్లో.

హుస్సేన్‌బీ పరీక్ష గట్టెక్కింది. తర్వాత బీఎడ్ చేసింది. ఆ పుస్తకాలు కూడా భ్రమరాంబ గారే చదివారు. కొన్నేళ్లకు నంద్యాల దగ్గర బడిలో సోషల్ టీచరుగా చేరింది. మొదటి రోజు క్లాసు అయ్యాక తండ్రికి చేసిన ఫోన్ తర్వాత, రెండో ఫోన్ తెనాలికే. ఇంత స్నేహమైనా ఇద్దరూ కలుసుకోలేదు. ఈ సెలవుల్లో, వచ్చే సెలవుల్లో అనుకుంటూనే ఉన్నారు.

అప్పుడు భ్రమరాంబ గారి గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ నరాన్ని చుట్టుకుని ఉందనీ, ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మారిపోవచ్చనీ డాక్టర్లు ముందే చెప్పారు. అలాగే అయింది. మిగిలింది గాలిలాంటి బొంగురు గుసగుస. ఆవిడ ఏడవలేదు. మాట్లాడ్డం మానేశారు, అంతే. ఏం కావాలన్నా చేత్తో సైగ చేసేవారు. హుస్సేన్‌బీ ఫోన్ చేస్తే ఎత్తవద్దన్నట్టు తల ఊపేవారు. పానకాలరావు గారు ఎత్తి, పడుకుందమ్మా, తర్వాత చేస్తుందిలే అనేవారు. ఆ తర్వాత ఎప్పుడూ రాకపోయేసరికి, తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకుని హుస్సేన్‌బీ ఫోన్లు తగ్గించింది. నన్ను నొక్కడం మాత్రం తగ్గించలేదు. పాఠాలన్నీ వచ్చేసినా, ఊరికే ఆ గొంతు కోసం వినేది.

ఒక ఉదయం ఆమె నొక్కితే, ఫైలు లేదు అని చెప్పాల్సొచ్చింది.

జరిగింది ఇదీ. ఆలుమగలిద్దరికీ ఒకటే ఖాతా. పానకాలరావు గారికి పొద్దున్నే వచ్చే గులాబీల శుభోదయాలు, దేవుళ్ల వీడియోలు ఒక్కటీ తీసెయ్యడానికి మనసొప్పదు. వాటన్నిటికీ చోటు చాలక ఖాతా నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. దేనివల్ల నిండిందా అని వెతికితే అన్నిటికన్నా పెద్ద ఫోల్డరు ‘చరిత్ర పాఠాలు’ కనబడింది. చదువులయిపోయాయి, ఆవిడా చదవడం మానేసింది, ఇంకెందుకని చెరిపేశారు. గులాబీలు క్షేమంగా ఉన్నాయి.

హుస్సేన్‌బీ వెంటనే ఫోన్ చేసింది. ఎత్తింది ఆయనే.

“సార్, మేడమ్ పాఠాలు అగుపడ్డంలేదు. ఏమన్నా అయిందా?”

“చోటు లేక నేనే తీసేశానమ్మా. నీకు ఉద్యోగం కూడా వచ్చింది కదా, ఇంకా పనేముంది?”

“నా తర్వాత పిల్లోళ్లు వింటాండారు సార్. అయినా నాకు మేడమ్ అంటే ఆ గొంతే కదా సార్. ఇంకేముంది నా దగ్గర?”

ఆ గొంతు ఇక ఇంట్లో కూడా లేదన్న సంగతి పానకాలరావు గారికి అప్పుడు తట్టింది. వంటింట్లోకి వెళ్లి భార్య ముందు నిలబడి చేసిన పని చెప్పారు. ఆవిడ కోప్పడలేదు. తడిచేయి కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసుకుని, చెత్తబుట్ట గుర్తు తెరిచారు. చెరిపినవి అందులో కొన్నాళ్లు ఉంటాయని ఆవిడకు తెలుసు. గడువు ఇంకా దాటలేదు. ఫోల్డరు తిరిగి దాని చోటికి వచ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అన్నీ వచ్చాయో లేదో చూద్దామని పానకాలరావు గారు హాల్లో కూర్చుని ఒక పాఠం తెరిచారు. ఇన్నేళ్లలో ఆయన అది వినడం అదే మొదలు. నిండు గొంతుతో ఆవిడ తళ్లికోట యుద్ధం చెబుతున్నారు. నడుమ ఆగి, “ఏవండీ, ఆ టీవీ కాస్త తగ్గించండి, ఇక్కడ యుద్ధం జరుగుతోంది” అన్నారు. దూరంగా హాల్లోంచి ఆయన గొంతే వినబడింది: “ఎవరు గెలిచేట్టున్నారు?” ఆ వెంటనే ఆవిడ నవ్వు. ఆయన దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. మళ్లీ పెట్టారు. భ్రమరాంబ గారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే, ఆయన తలెత్తి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రం తన గులాబీలన్నీ ఆయనే చెరిపేశారు.

మర్నాడు ఆయన హుస్సేన్‌బీకి ఫోన్ చేసి, ఆవిడకు ఒంట్లో బాగోలేదు, ఒకసారి వచ్చి చూసి వెళ్లమన్నారు. గొంతు సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రెండో శనివారం ఆ అమ్మాయి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఆయన బస్టాండుకు ఎదురెళ్లి తీసుకొచ్చారు. ఆటోలో చెబుదామనుకున్నారు. ఆటోలో ఎండల గురించి మాట్లాడారు.

నేనిప్పుడు ఎన్ని ఊళ్లలో ఎన్ని ఫోన్లలో ఉన్నానో నాకే లెక్క లేదు. ఎవరు నొక్కినా పాఠం దగ్గరికి తీసుకెళ్తాను. అయితే నన్నడిగితే, ఇన్నేళ్లలో నేను మనుషుల దగ్గర విన్న మాటల్లో పెద్దవి ఆ మధ్యాహ్నం తెనాలి ఇంటి గుమ్మంలో విన్నవే. హుస్సేన్‌బీ చేతిలోని ఫోన్లో నేనూ ఉన్నాను.

తలుపు తెరుచుకుంది. “రా అమ్మాయ్” అని ఒక గుసగుస వినబడింది.

హుస్సేన్‌బీ అటు తిరిగి మర్యాదగా చేతులు జోడించింది. “నమస్తే అండీ. మేడమ్ లోపల పండుకోనుండారా?”

పానకాలరావు గారు చేతిలో సంచితో అలాగే నిలబడిపోయారు.

“నేనే” అంది ఆ గుసగుస.

హుస్సేన్‌బీ ఆ గుసగుస వైపు చేయి చాచింది. భ్రమరాంబ గారు ఆ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. కూర్చున్నాక కూడా ఆ అమ్మాయి చేయి వదల్లేదు.

“మాట్లాడితే నొప్పి ఉంటాదా మేడమ్?”

“నొప్పేం లేదు. వినడానికి బాగోదు.”

“వినేది నేను కదా మేడమ్” అంది హుస్సేన్‌బీ. “కొంచేపు మాట్లాడండి. ఈ గొంతు కూడా గుర్తు పెట్టుకుంటా.”

ఏం మాట్లాడాలో తోచక భ్రమరాంబ గారు ముందు ఆ పూట వండిన కూర పేరు చెప్పారు. గోంగూర, కాస్త కారం ఎక్కువైంది. తర్వాత ఆపరేషన్ గురించి చెప్పారు. తర్వాత ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల గురించి. పానకాలరావు గారు చప్పుడు చెయ్యకుండా లేచి, ఫ్యాను ఆపేసి వచ్చి కూర్చున్నారు. సాయంత్రం బస్సు వేళయ్యేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.